తీలి టీచరు కట్టిన బాణీ

“నేను చూసుకుంటున్నది పిల్లల్ని, మోరిత్సూ. నీ పాడె దగ్గర నిలబెట్టడానికి కూలీల్ని కాదు.”

“నిలబెట్టమని ఎవరన్నారే? నాలుగు ముక్కలు నోటికి రప్పించమంటున్నా. నీ సొమ్మేం పోయింది?”

“ఆ నాలుగు ముక్కలూ నీ కొడుకులకి నేర్పావుగా. వాళ్ళనే పిలిపించుకో.”

“పిలిస్తే వచ్చేవాళ్ళయితే నీ గుమ్మంలో ఎందుకు దేబిరిస్తాను?”

“తొమ్మిదేళ్ళ పిల్లలు నీకెందుకూ పనికిరారని నాకంటే నీకే బాగా తెలుసు. పదమూడు నిండితేగాని ఎవరూ లెక్కలోకి రారు.”

“నాలుగేళ్ళు ఆగుతాను.”

“మీ డాక్టరు నాతో అలా చెప్పలేదే.”

నడవలో నిచ్చెన మీద ఉన్న షులీమ్‌కి నవ్వొచ్చింది. నవ్వితే నిచ్చెన ఊగుతుందని ఆపుకున్నాడు. సినగాగ్ అనే యూదుల ప్రార్థనామందిరం పక్కనున్న ఆ పాత భవనంలో ఫ్యూజు మాటిమాటికీ పోతుంది. పోయినప్పుడల్లా ఎలక్ట్రీషియన్ షులీమ్‌ని పిలుస్తారు. పిలవకపోయినా ఆదివారం అతను రాక తప్పదు, కూతురు నోయెమీని తీలి టీచరు బడికి తీసుకురావాలిగా. వైరు బిగించడం ఎప్పుడో అయిపోయింది. కిందకి దిగితే లోపలున్న తీలి టీచరూ మోరిత్సూ నోరు మూసుకుంటారని దిగలేదు.

మోరిత్సు అడుగుతున్న నాలుగు ముక్కల పేరు కాదిష్. తండ్రో తల్లో పోతే కొడుకు గోరీ దగ్గర నిలబడి చదవాల్సిన ప్రార్థన. పదమూడు నిండిన మగవాళ్ళు పదిమంది ఉంటేనే చదవాలి. ఒకప్పుడు ఆ ఊళ్ళో సగం ఇళ్ళు యూదులవే కాబట్టి పదిమంది దొరకడం ఒక సమస్యని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు మిగిలింది ముసలివాళ్ళు, వాళ్ళ మందుసీసాలు, ఆదివారం బడికొచ్చే అయిదుగురు పిల్లలు. మొన్న సెప్టెంబరులో ముసలి ఫానీ ష్రాయెర్‌ని పూడ్చిననాడు ఏడుగురు వచ్చారు. పక్క పట్నం బొటోషాని నుంచి రావలసిన ముగ్గురి బండి దారిలో చెడిపోయింది. వాన మొదలైంది. గుంటలు తవ్వేవాళ్ళు వాచీలు చూసుకున్నారు. చివరికి ఒక్క ముక్క కూడా చదవకుండానే ఫానీ మీద మట్టి పోశారు. ఆ రోజునుంచీ మోరిత్సుకి నిద్ర పట్టడం మానేసింది.

“ఆడపిల్లలకైనా నేర్పు తీలీ,” అన్నాడు మోరిత్సు లోపల, గొంతు తగ్గించి. “దేవుడు కూడా ఇప్పుడు బేరాలాడే స్థితిలో లేడు.”

తీలి తలుపు తెరుచుకుని విసురుగా బయటికి వచ్చి, నిచ్చెన కింద ఆగి, పైకి చూసింది.

“బాగా వినిపించిందా షులీమ్?”

“ఫ్యూజు బాగు చేస్తున్నా టీచర్‌గారూ.”

“దానికి నోరు తెరుచుకుని ఉండక్కర్లేదు. దిగు.”

షులీమ్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. ఆవిడ కంటికి మాత్రం ఇంకా కోరస్‌లో రెండో వరసలో నిలబడి పక్కవాణ్ణి గిల్లే పిల్లాడే.

*

తీలి హైమ్‌సోన్ ఉద్యోగం చేసింది మునిసిపల్ శిశుపాఠశాలలో. చేసిన పని వేరు. పాత కమ్యూనిస్టు సర్కారు రోజుల్లో, ఎవరు ఏ మతం గురించి మాట్లాడినా పక్కింటివాళ్ళు కిటికీ వేసుకునే కాలంలో, యూదుల పిల్లల్ని పోగేసి ఆమె ఒక కోరస్ నడిపింది. పాటలు పాడించడానికి అనుమతి ఉంది, పాఠాలు చెప్పడానికి లేదు. అందుకని పాఠాలన్నీ పాటల్లోకి ఎక్కించింది. పండగలు, రాజుల పేర్లు, భోజనం ముందు చెప్పే మాట, తర్వాత చెప్పే మాట, అన్నిటికీ తన అకార్డియన్ మీద ఒక బాణీ. ఆ పెట్టెకి రెండు మీటలు పలకవు. అవి వచ్చేచోట తను నోటితో పాడి సర్దుకునేది. పిల్లలు ఆ సర్దుబాటు కూడా పాటలో భాగమే అనుకుని అలాగే నేర్చుకునేవాళ్ళు.

ఆ కోరస్‌లో చిక్కు ఒకటే. ఎవడు బాగా నేర్చుకుంటే వాడి కుటుంబం ముందు వెళ్ళిపోయేది. హీబ్రూ వచ్చినవాడికి ఇజ్రాయెల్ దగ్గరైపోయినట్టు ఉండేది తల్లిదండ్రులకి. గొంతు బాగున్నవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే రైలెక్కారు. ప్రతిసారీ ఆవిడ స్టేషన్‌కి వెళ్ళి కిటికీలోంచి ఆపిల్ పళ్ళు అందించేది. “నాది బడి కాదురా, వెయిటింగ్ రూము,” అనేది తిరిగొచ్చి, చవక సిగరెట్టు ఒకటి వెలిగించి. ఆవిడ మాత్రం వెళ్ళలేదు. మొదట మంచంపట్టిన తల్లి కోసం, తర్వాత ఆ తల్లి గోరీ కోసం, ఆ తర్వాత అడిగేవాళ్ళు లేక. షులీమ్ కూడా వెళ్ళలేదు. వాడికి గొంతూ లేదు, తల్లిదండ్రులకి ధైర్యమూ లేదు.

సర్కారు మారింది. పాఠాలు చెప్పుకోవచ్చన్నారు. అప్పటికి చెప్పించుకునేవాళ్ళు లేరు. అయినా ఆవిడ రిటైరయిన వారంలోనే ఊరంతా తిరిగింది. బేకరీ ఆవిడ ఇద్దరు కొడుకులు, మందులషాపతని కూతురు, స్టేషన్ దగ్గర మేడలో ఉండే బొద్దుపిల్లాడు ఒకడు, నోయెమీ. వీళ్ళలో చాలామందికి అమ్మలు రొమేనియన్ క్రైస్తవులు. షులీమ్ భార్య ఆంకా కూడా అంతే. శాస్త్రం ప్రకారం తల్లి యూదురాలు కాకపోతే పిల్లలు యూదులు కారు. ఈ మాట ఊరి యూదుల కమిటీలో ఎవరో ఎత్తితే తీలి, “ఎవరి అమ్మ ఎవరని అడగడం మొదలెడితే బడిలో నేనూ, పొయ్యీ మిగులుతాం. పొయ్యి కూడా జర్మన్‌ది,” అంది.

అక్షరాలు పొద్దుతిరుగుడు గింజలతో నేర్పేది. బల్ల మీద గింజలు పేర్చి అక్షరం చెయ్యాలి. సరిగా వస్తే ఆ అక్షరాన్ని తినెయ్యొచ్చు. తప్పయితే చెరిపేసి మళ్ళీ. నోయెమీ మొదటి నెలంతా ఆకలితో ఇంటికొచ్చింది. తర్వాత తర్వాత జేబుల నిండా పొట్టుతో రావడం మొదలెట్టింది. “మీవాళ్ళ అక్షరాలు ఒంటికి పడుతున్నాయి,” అనేది ఆంకా, గౌను జేబులు దులుపుతూ. ఆంకాకి ఆ బడంటే ఇష్టం. పిల్ల ఆదివారం పూట వీధిలో తిరగకుండా ఏదో ఒకటి నేర్చుకుంటోంది, అంతకంటే ఏం కావాలి?

తీలికి కావలసింది కూడా పెద్దదేం కాదు. ఈ అయిదుగురిలో ఒక్కరు, ఎవరో ఒక్కరు, పెద్దయ్యాక తన పిల్లల్ని కూచోబెట్టుకుని బల్ల మీద గింజలు పేర్చాలి. అంతే. ఆ ఒక్కరు ఎవరో తెలియదు కాబట్టి అయిదుగురినీ వదలకూడదు. కమిటీకి లోకం ఇంకోలా కనిపించింది. కమిటీ అంటే ముసలివాళ్ళే. బడికి గది ఇచ్చింది వాళ్ళు, పొయ్యిలోకి కట్టెలు ఇచ్చింది వాళ్ళు. వాళ్ళు ఆదివారం పూట చాక్లెట్లు పట్టుకుని వచ్చి వెనక కుర్చీల్లో కూచుని, సంతలో దూడల్ని చూసినట్టు పిల్లల్ని చూసేవాళ్ళు. ఈ పెద్దవాడు నాకు, ఆ చిన్నవాడు నీకు. నోరు విప్పి అనేవాళ్ళు కాదు, అంతే తేడా.

*

ఎంత అరిచినా తీలి మోరిత్సు మాట కొట్టెయ్యలేకపోయింది. ఫానీ మీద మట్టి పడ్డ చప్పుడు ఆవిడా విన్నది. పైగా ఆ రోజు గొడవ చివర్లో మోరిత్సు ఇంకో మాట అన్నాడు. నిచ్చెన మీదికి వినిపించనంత మెల్లగా అన్నాడు. ఆ మాట తీలే తర్వాత షులీమ్‌కి చెప్పింది. “నాకు వెళ్ళిపోయిన కొడుకులైనా ఉన్నారు. నీకు వెళ్ళిపోయినవాళ్ళు కూడా లేరు తీలీ.”

అందుకని లొంగింది. లొంగింది గానీ తన పద్ధతిలో లొంగింది. కాదిష్‌లో చావు అన్న మాటే లేదు. గోరీ లేదు, మట్టి లేదు, పోయినవాడి పేరు లేదు. మొదటినుంచి చివరిదాకా దేవుణ్ణి పొగడడమే. పొగిడే మాటలకి ఏడుపుగొట్టు గొంతెందుకు అనుకుంది. అకార్డియన్ తీసి, చప్పట్లు కొట్టుకుంటూ పాడుకునేలా దానికి ఒక బాణీ కట్టింది. ఇది ఎందుకు చదువుతారో పిల్లలకి చెప్పలేదు. ఎప్పుడో అవసరం పడ్డనాడు మాటలు నోట్లో ఉంటాయి, ఈలోపు వాళ్ళకి అది ఒక పాట. ముసలివాళ్ళూ ఊరుకుంటారు, పిల్లలూ బెదరరు. ఎంతో తెలివైన దారి అనిపించింది ఆవిడకి.

ఆ ఊరి యూదులకి ఒక భయం ఉంది. తల్లీతండ్రీ బతికి ఉన్నవాడు కాదిష్ నోట పలకకూడదు. పలికితే వాళ్ళని గోతిలోకి పిలిచినట్టే. పండగల్లో పోయినవాళ్ళని తలుచుకునే ప్రార్థన మొదలవగానే, తల్లిదండ్రులున్నవాళ్ళని భుజం పట్టి బయటికి పంపేస్తారు. షులీమ్ ముప్పై దాటాక కూడా అలా సినగాగ్ మెట్ల మీద నిలబడి సిగరెట్టు కాల్చినవాడే. అమ్మ పోయిన ఏడు మొదటిసారి, “నువ్వు ఉండచ్చు,” అన్నాడు మోరిత్సు. జీవితంలో అంత చేదు మాట ఇంకొకటి వినలేదు షులీమ్. అమ్మ గోరీ దగ్గర పక్కన నిలబడి ఒక్కొక్క ముక్కా అందించిందీ మోరిత్సే.

ఈ భయం తీలికి తెలియదా అంటే తెలుసు. పెద్దవాళ్ళ మూఢనమ్మకం కింద కొట్టేసింది. పిల్లల అమ్మల్లో ఎక్కువమందికి ఆ ప్రార్థన చెవిన పడ్డా ఏమిటో తెలియదు కదా అని ధైర్యం చెప్పుకుంది.

*

డిసెంబరులో కొవ్వొత్తుల పండగ హనుక్కా. ఆ సాయంత్రం హాల్లో, జామ్ కూరిన బూరెల్లాంటి గొగోషీలు వేయించిన నూనె వాసన. జామ్ కారి పిల్లల మూతులన్నీ ఎర్రగా ఉన్నాయి. అమ్మలు ముందు వరసలో, ముసలివాళ్ళు వెనక. కొవ్వొత్తులు వెలిగించారు. అయిదుగురూ ఒక పాట పాడారు, ఇంకో పాట పాడారు, బొద్దుపిల్లాడు బొంగరం మీద జారి పడ్డాడు. అందరూ నవ్వారు. నోయెమీ ముందుకొచ్చి, “ఇప్పుడు కొత్త పాట. ఇది నాన్నకి కూడా చెప్పలేదు,” అంది.

అకార్డియన్ మొదలైంది. చప్పట్లు మొదలయ్యాయి. మొదటి మాటలు షులీమ్ చెవిన పడ్డాయి గాని బాణీ హుషారుగా ఉండడంతో అవేమిటో వెంటనే తట్టలేదు. కాలు కూడా కలిపాడు. పక్కన ఆంకా చప్పట్లు కొడుతోంది. అప్పుడు వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ముసలివాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి నిలబడుతున్నారు. మోరిత్సు టోపీ సర్దుకుని, “ఆమెన్” అన్నాడు, సరిగ్గా అనాల్సిన చోట. మిగతావాళ్ళు అందుకున్నారు. ఏడుస్తున్నారు. అప్పుడు తెలిసింది షులీమ్‌కి. తన కూతురు తన కళ్ళలోకి చూస్తూ, నవ్వుతూ, చప్పట్లు కొడుతూ, తను అమ్మ గోరీ మీద చదివిన మాటలు చదువుతోంది.

ఏం చేశాడో తర్వాత ఎంత తలుచుకున్నా వరసగా గుర్తురాలేదు. వేదిక ఎక్కాడు. పిల్ల చేయి పట్టుకుని లాగాడు. పాట మధ్యలో తెగింది. అకార్డియన్ మాత్రం ఒక శ్వాస ఎక్కువ తీసి ఆగింది.

“ఏమైంది?” అంది ఆంకా. “ఏమైందండీ, బాగానే పాడుతోందిగా?”

“అది చచ్చినవాళ్ళకి చదివేది,” అన్నాడు షులీమ్. కాస్త గట్టిగానే అన్నాడు. “అమ్మా నాన్నా పోతే చదివేది.”

హాల్లో ఉన్న అమ్మలందరికీ వినిపించింది. బేకరీ ఆవిడ లేచి శిలువ గుర్తు వేసుకుంది.

“ఒరే షులీమ్, ఆ మాటల్లో చావు లేదురా,” అంది తీలి వేదిక మీదినుంచి. “కావాలంటే ఒక్కొక్క మాటకీ అర్థం చెబుతాను.”

“నాకు తెలుసు టీచర్‌గారూ. ఆ భాష మీరే నేర్పారు.”

*

తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. ఆ పై ఆదివారం బొద్దుపిల్లాడు ఒక్కడే వచ్చాడు. గింజలు తిని వెళ్ళి, మళ్ళీ రాలేదు. తీలి ఇల్లిల్లూ తిరిగింది. బేకరీ ఆవిడ గుమ్మంలోనే ఆపేసి, “మా ఆయనకి జనవరిలో ఆపరేషన్ ఉంది టీచర్‌గారూ,” అంది. మందులషాపతను మర్యాదగా కాఫీ ఇచ్చి, పిల్లకి ఇక ఆదివారాలు ఇంగ్లీషు ట్యూషన్ అన్నాడు. ఆవిడ షులీమ్ ఇంటికి వచ్చినప్పుడు ఆంకానే మాట్లాడింది. షులీమ్ వంటింట్లో నిలబడి విన్నాడు.

“నాకు మీ నమ్మకాలు తెలీవు టీచర్‌గారూ. ఆయనకి మూడు రాత్రులు నిద్ర లేదు. అది చాలదా?”

“చాలు,” అంది తీలి. వెళ్ళిపోయింది.

బయటికి వెళ్ళాలనే అనుకున్నాడు షులీమ్. కుళాయి తిప్పి, అవసరం లేని గ్లాసు ఒకటి కడిగాడు.

పొయ్యి ఆరిపోయింది. కమిటీవాళ్ళు ఆ గదిలో పాస్కా పండగకి వచ్చే పొంగని రొట్టెల పెట్టెలు పేర్చారు. ఎవర్నీ ఏమనడానికీ లేదు. గది ఖాళీగా ఉంది, పెట్టెలకి చోటు కావాలి. ముసలివాళ్ళు తీలిని తప్పుపట్టారు, సూటిగా నేర్పకుండా కుప్పిగంతులు వేసిందని. మోరిత్సు మాత్రం ఒకరోజు వీధిలో ఎదురుపడితే ఆవిడకి టోపీ తీశాడట. “అంత బాగా చదవగా నేనెప్పుడూ వినలేదు,” అన్నాడట.

మార్చిలో మోరిత్సు పోయాడు. నాలుగేళ్ళు ఆగుతానన్నవాడు నాలుగు నెలలు ఆగాడు. మంచు కరిగి శ్మశానమంతా బురద. ఈసారి బొటోషాని బండి సమయానికే వచ్చింది. పదిమంది అయ్యారు, సరిగ్గా పదిమంది. కొడుకుల దగ్గర్నుంచి టెలిగ్రాం వచ్చింది. చదవాల్సిన మనిషి ఎవరని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే షులీమ్ ముందుకి కదిలాడు. తల్లీ లేదు, తండ్రీ లేడు, అతనికి అడ్డేమీ లేదు. సగం దాకా బాగానే చదివాడు. అక్కడ మాట పోయింది. మోరిత్సు అందించేవాడు, ఆ మోరిత్సు కిందనున్నాడు. పేజీ చూశాడు, కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. బురదలో నిలబడ్డ తొమ్మిదిమంది కదలకుండా ఎదురుచూస్తున్నారు.

వెనక, ఆడవాళ్ళు నిలబడ్డ చోటునుంచి ఎవరో సన్నగా ఆ పై మాట అందుకున్నారు. తీలే. చదవలేదు, పాడింది, తను కట్టిన బాణీలోనే. రెండు మాటలే. మూడో మాట షులీమ్‌కి దానంతటదే వచ్చింది. అక్కడినుంచి చివరిదాకా అతని గొంతు ఆ బాణీలోంచి బయటపడలేకపోయింది. మంచి బాణీ అది.

ఆ వారమంతా అతనికి అదే ధ్యాస. శనివారం ఆంకాతో చెప్పాడు. “నోయెమీని మళ్ళీ పంపుదాం.” ఆంకా, “మీ ఇష్టం. మీరు నిద్రపోతానంటే నాకేం,” అంది.

*

తీలి ఇల్లు స్టేషన్ వెనక నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. తలుపు తీసి, “ఫ్యూజు పోలేదే,” అంది. లోపల టీ పెట్టింది. అకార్డియన్ పెట్టెలోనే, అల్మరా పైన ఉంది. షులీమ్ ఎక్కువ నాన్చలేదు.

“రేపట్నుంచి నోయెమీని పంపుతాను టీచర్‌గారూ. పెట్టెలు తీయించి గది నేనే సర్దుతాను. మిగతావాళ్ళతోనూ నేనే మాట్లాడతాను. ఒకళ్ళు వస్తే ఇంకొకళ్ళు వస్తారు.”

ఆవిడ మొహం వెలుగుతుందనుకున్నాడు. ఆవిడ చెంచాతో టీ తిప్పుతూనే ఉంది.

“రారు,” అంది.

“ప్రయత్నిస్తే...”

“ఊళ్ళో ప్రతి గుమ్మం ఎక్కి దిగాను, నాకు చెప్పకు. నీ పిల్ల ఒక్కతే వస్తుంది. ఒక్క పిల్ల వస్తే అది బడి కాదురా. వెనక కుర్చీల్లో కూచున్న అంతమంది ముసలివాళ్ళనీ, నన్నూ కలిపి దాని నెత్తిన పెట్టడం. తొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన.”

“దానికి ఇష్టమే. అడుగుతూనే ఉంది మిమ్మల్ని.”

“ఎలా అడుగుతోందో నేను చూశాను.” చెంచా పక్కన పెట్టింది. “మొన్న మంగళవారం మీ గరాజుల వెనకనుంచి వస్తున్నాను. నీ కూతురు, ఇంకో నలుగురు పిల్లలు. ఒకళ్ళూ మనవాళ్ళు కారు. పిచ్చుక చచ్చింది. బూట్లపెట్టెలో పెట్టి గొయ్యి తీశారు. నోయెమీ వాళ్ళని వరసలో నిలబెట్టి, చప్పట్లు కొట్టించి, మొత్తం పాడింది. ఒక్క మాట తప్పలేదు. ఆమెన్ ఎక్కడ అనాలో కూడా వాళ్ళకి నేర్పింది.”

షులీమ్‌, “పిల్లలాట టీచర్‌గారూ,” అన్నాడు.

“ఆటే. అయిపోయాక దగ్గరికి పిలిచి, మిగతా పాటల్లో ఒకటి పాడమన్నాను. కొవ్వొత్తుల పాట రాలేదు. రొట్టెల పాట మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. అక్షరాలు అడిగితే మూడు చెప్పింది. మూడేళ్ళు చెప్పాను దానికి. అన్నీ పోయాయి, ఇదొక్కటి ఉండిపోయింది. ఎందుకుండదు? ఇది పాడినప్పుడే కదా పెద్దవాళ్ళంతా లేచి నిలబడి దాని వంక చూసి ఏడ్చారు.”

“మళ్ళీ నేర్పండి. అందుకే కదా పంపుతానంటున్నా.”

“నా దగ్గరికి వస్తే అదే గట్టిపడుతుంది. నన్ను చూస్తే దానికి గుర్తొచ్చేది అదే ఇక.”

కిటికీ కింద బొటోషాని వెళ్ళే రైలు కదిలింది. గ్లాసులు కాస్త అదిరాయి. ఆవిడ తన గ్లాసు మీద చెయ్యి పెట్టి ఆపింది.

“నువ్వు నాకొక పని చేసిపెట్టాలి షులీమ్,” అంది. “నేర్పడం నాకు తెలుసు, పిల్లల చేత మరిపించడం ఎలాగో తెలియదు. ఎప్పుడూ అవసరం పడలేదు. నువ్వు తండ్రివి, నీకు చేతనవుతుంది. ఆ పాట దాని చేత మరిపించు. తిట్టకు, కొట్టకు, వద్దని మాత్రం అసలు అనకు. వద్దంటే బతికినన్నాళ్ళూ ఉండిపోతుంది. రేడియో పెట్టు. వేరే పాటలు నేర్పించు, ఎలాంటివైనా సరే. నా దగ్గరికి పంపకు. ఆ మూడక్షరాలు కూడా పోతే పోనీ.”